బరువు పైకి చదవకండి

మంగళవారం పొద్దున్న అచ్యుతాపురం వెళ్ళే బస్సులో ఉండగా ఫోన్ మోగింది. మా పేటలోని పిల్లల కేంద్రంలో పనిచేసే ఆయా. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఎవరినో ఒకరిని తిట్టి, తర్వాత సంగతిలోకి వస్తుంది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. "అమ్మడూ, పెద్దమేడం ఎల్లిపోనారే. నిద్దట్లోనే పోనారంట," అంది.

బస్సు కూర్మన్నపాలెం దగ్గర ఆగి ఉంది. షిఫ్టు దిగిన స్టీలు ప్లాంటు మనుషులు టిఫిన్ క్యారేజీలతో రోడ్డు దాటుతున్నారు. నేనూ దిగిపోయి, వాళ్ళతోపాటే అవతలికి దాటి, సిటీ వైపు వెళ్ళే బస్సెక్కాను. దారంతా నాకు ఏడుపు రాలేదు. మేడమ్ నాకు మొదట నేర్పిన మాటే చెవిలో తిరుగుతూ ఉంది: "ముందు చూడు. అడగడం తర్వాత."

ఆవిడ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సీతమ్మధారలో చెల్లెలితో కలిసి ఉండేవారు. ఖాళీగా కూర్చోలేక, మా స్వచ్ఛంద సంస్థకు జీతం లేకుండా సలహాలిచ్చేవారు. సంస్థది చిన్న పనే. మా జాలరిపేట ఆడవాళ్ళు హార్బరులో చేపలు కొని ఊళ్ళో తిరిగి అమ్ముకుంటారు. వాళ్ళ పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం ఒకటి సంస్థ నడుపుతోంది. బడికి పోయే వయసు రాని పిల్లలు అక్కడ ఆడుకుంటారు, మధ్యాహ్నం వేడన్నం తింటారు, నిద్రపోతారు. నేను ఆ పేట పిల్లనే. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ సంస్థలోనే, వివరాలు సేకరించే పని.

నేను చేరిన ఏడాదే దాతలు ఒక ప్రశ్న వేశారు. ఈ కేంద్రం వల్ల పిల్లలకు నిజంగా మేలు జరుగుతోందా? జరుగుతోందని చూపిస్తే కొనసాగిస్తాం, లేకపోతే ఈ సాయాన్ని వేరే పనికి మళ్ళిస్తాం అన్నారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. కానీ కేంద్రం మూతపడితే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లలు మళ్ళీ గట్టు మీద వలల మధ్య పాకుతూ ఉంటారు, లేదా అక్కల చంకల్లో ఉంటారు.

సర్వే నేనే తయారుచేశాను. సాయంత్రం తల్లులు పిల్లల కోసం వచ్చినప్పుడు కేంద్రం వరండాలో నిలబెట్టి, ఫోన్‌లో ఒక్కొక్క ప్రశ్నా చదివి, జవాబు నొక్కాను.

"మీ బాబు ఇక్కడ అన్నం బాగా తింటున్నాడా?"

"ఏటి తింతాడమ్మా, ఓ ముద్ద తిని పారిపోతాడు."

ఆ బాబు బొద్దుగా, బుగ్గన చుక్కతో ఆమె చంకలోనే ఉన్నాడు. మూతికి ఇంకా పప్పు అంటుకుని ఉంది.

"ఒంట్లో ఏమైనా మార్పు కనిపించిందా?"

"ఏటి మార్పు? పుల్లలాగే ఉన్నాడు."

"కేంద్రం ఎలా ఉంది?"

"బాగుంది. శానా బాగుంది."

అందరివీ కలిపి చూస్తే ఒక విచిత్రమైన బొమ్మ తేలింది. కేంద్రం బ్రహ్మాండంగా ఉంది, కానీ అక్కడ ఏ పిల్లాడూ తినడు, ఏ పిల్లాడూ ఎదగడు. మా కోఆర్డినేటర్ సార్ తల పట్టుకున్నారు. "ఇదేంటమ్మా, కొరివితో తల గోక్కున్నట్టుంది. తిండి గురించిన ప్రశ్నలు తీసేద్దాం. నలుగురు తల్లుల్ని కూర్చోబెట్టి వీడియో తీసి పంపిద్దాం," అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కేంద్రం నిలబడాలని ఆయన తాపత్రయం.

మేడమ్ కాగితాలు చివరిదాకా చదివారు. "తీసెయ్యడం తేలికే సార్. కానీ ఇంతమంది ఒకే మాట చెప్పారంటే అది దేనికో ఒకదానికి జవాబు. దేనికో మనకి తెలియాలి కదా," అన్నారు. అని నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

అప్పటిదాకా టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదు. మా వైపు ఏ తల్లీ తన బిడ్డ బాగా తింటున్నాడని పైకి అనదని చెప్పాను. దిష్టి తగులుతుందని భయం. నాకు టెన్త్‌లో ఫస్టు క్లాసు వచ్చిన రోజు వీధిలో ఎవరడిగినా మా అమ్మ, "ఏటి పాసు, ఏదో గట్టెక్కింది" అనే చెప్పింది. ఇంట్లోకి వచ్చాక తలుపేసి, ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇక కేంద్రం సంగతి. అన్నం పెట్టిన చోట నిలబడి, వండిన ఆయా వింటుండగా బాగాలేదని ఎవరంటారు?

మేడమ్ గట్టిగా నవ్వారు. "జవాబులు తలకిందులుగా రావచ్చని ఇన్నేళ్ళూ పాఠం చెప్పాను గానీ, ఇంత ప్రేమగా తలకిందులవుతాయని నాకు తెలీదు," అన్నారు.

ఆ రోజు నుంచి నా అసలు చదువు మొదలైంది. ఏ సంగతి తెలుసుకోవడానికి ఏ దారిన వెళ్ళాలో ఆవిడ ఒక్కొక్కటీ నాతోనే చెప్పించారు. పిల్లలు తింటున్నారా అన్నది అడిగి తెలుసుకునేది కాదు, చూసి తెలుసుకునేది. అందుకని వేరువేరు రోజుల్లో, ముందుగా చెప్పకుండా, భోజనాల వేళ మూల కూర్చుని చూశాం. ఎదుగుతున్నారా అన్నది తూకం చెప్పాలి. తల్లుల మనసులో మాట వాళ్ళు పనిచేసుకునే చోట, ఆయా లేని చోట వినాలి. "ఇంకొకటి," అన్నారు. "వచ్చేవాళ్ళనే అడిగితే ఎందుకు వస్తున్నారో తెలుస్తుంది. మానేసినవాళ్ళని అడక్కపోతే మనకి సగమే తెలిసినట్టు."

ఆవిడ ఎప్పుడూ తప్పు చెయ్యలేదని చెబితే ఆవిడే ఒప్పుకోరు. తూకం మొదలుపెట్టిన రోజు కాటా వరండాలోనే పెట్టించారు. ఒక్కొక్క పిల్లాడినీ ఎక్కించడం, ఆయా బరువు గట్టిగా చదవడం, నేను రాసుకోవడం. వాకిట్లో జనం చేరి, "ఓలమ్మ, దీని కొడుకు ఇంతున్నాడా!" అని ముచ్చటపడ్డారు. మర్నాడు ఆ పిల్లాడికి జ్వరం వచ్చింది. ఆ మర్నాడు సగం మంది పిల్లలు కేంద్రానికే రాలేదు.

మేడమ్‌తో కలిసి జ్వరం వచ్చిన పిల్లాడి ఇంటికి వెళ్ళాను. వాడి తల్లి గుమ్మంలోనే నిలదీసింది. "తూకమేసి మరీ దిట్టి పెట్టారు కదా! నా కొడుకేటి మీకు పండుగొప్ప సేపా, కాటా ఎక్కించి అరవడానికి?"

అది మూఢనమ్మకమని మేడమ్ అంటారేమోనని భయపడ్డాను. ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, పిల్లాడి పక్కన నేల మీద కూర్చున్నారు. "తప్పు నాదమ్మా. మీ బిడ్డ బరువు మీ సంగతి. వీధిలో చదవాల్సింది కాదు," అన్నారు. ఆమె కాసేపు గొణిగి, చివరికి మజ్జిగ ఇచ్చింది. జ్వరం తగ్గాక తనే పిల్లాణ్ణి తీసుకొచ్చింది.

ఆ తర్వాత కాటా లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపుకి మేడమ్ తన పాత చీరని తెరగా కట్టారు. ఒకసారికి ఒక తల్లి, ఒక బిడ్డ. "బరువు పైకి చదవకండి," అని ఆయాకి గట్టిగా చెప్పారు. తల్లి ముల్లు చూసుకునేది, నేను పైకి అనకుండా రాసుకునేదాన్ని. పెరిగిందని తెలిసినప్పుడు ఆ మొహాల్ని మీరు చూసి ఉండాల్సింది. తెర తీసుకుని బయటికొచ్చి, అడిగిన వాళ్ళతో మాత్రం, "ఏటీ నేదు, అలాగే ఉన్నాడు," అనేవారు.

ఇక హార్బరు. మేడమ్ చేపలు తినరు. నూలు చీర కట్టుకుని, చేతిలో నీళ్ళ సీసాతో ఆవిడ గట్టు మీద నడుస్తుంటే, బోట్ల కోసం కాచుకున్న ఆడవాళ్ళ కళ్ళన్నీ ఆవిడ పమిట చెంగు మీదే ఉన్నాయి. ముక్కుకి ఎప్పుడు అడ్డం పెట్టుకుంటుందా అని.

"ఒలే, పందెం. ఐసు గది దాటితే మూసుకుంతాది సూడు," అంది ఒకామె.

మేడమ్‌కి వినపడింది. "పందెం ఏమిటమ్మా?"

"టీ."

ఐసు గది దాటారు. చెంగు కదల్లేదు. వెనక్కి తిరిగి, "చెప్పు మరి టీ," అన్నారు. గట్టంతా నవ్వులు. ఎవరో ఖాళీ బుట్ట బోర్లించి ఇస్తే దాని మీద కూర్చుని టీ తాగారు. తిరిగొచ్చేటప్పుడు నాతో మెల్లగా, "ఊపిరి బిగపట్టి నడిచానే. ఇంకో రెండు రోజులు వస్తే అలవాటవుతుందిలే," అన్నారు. అలవాటయ్యేదాకా వచ్చారు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. నలుగురినీ కలిపి మాట్లాడించి, రాసుకునేది రాసుకుని, పెన్నుకి మూత పెట్టి సంచిలో వేసేవారు. అయినా లేచేవారు కాదు. ఊరికే కూర్చుని ఐసు మోసేవాళ్ళని చూస్తుండేవారు. అసలు మాటలు అప్పుడు వచ్చేవి. విన్నాక, "ఇప్పుడు చెప్పింది రాసుకోవచ్చా?" అని అడిగేవారు. వద్దంటే రాయరు. నాకు ఉసూరుమనిపించేది. "ఆమె ఇస్తేనే అది మనకి సమాచారం. ఇవ్వకపోతే ఆమె మాట, ఆమెదే," అనేవారు.

కొడుకుని కేంద్రానికి పంపడం మానేసిన ఒకామె పెన్నుకి మూత పడ్డాకే నోరు విప్పింది.

"మీ కేంద్రం మంచిదే మేడం. కానీ మీరు తొమ్మిదికి తలుపు తీత్తారు. నాను తెల్లారకముందే ఈడ ఉండాల. బోటు మీ టైం సూసుకుని రాదు కదా."

"మరి అప్పటిదాకా బాబుని ఎవరు చూస్తారు?"

"ఎవుతి సూత్తాది? మా పెద్దగుంట సూత్తాది. తమ్ముణ్ణి మీకాడ దింపి బడికెల్లేసరికి బెల్లు కొట్టీసుంతాది. టీచరు తిడతాది. అలా తిట్లు తినీ తినీ అది బడి మానీసింది. అదింట్లోనే ఉంతాది కదా, ఇంక ఆడ్ని మీకాడికి పంపడమెందుకు?"

మేడమ్ సంచి ఒళ్ళోకి తీసుకున్నారు. తర్వాత, "రాసుకోవచ్చా అమ్మా?" అన్నారు.

"రాసుకో. పేరు మాత్రం రాయకు."

తిరిగొస్తూ వాళ్ళింటి మీదుగా వచ్చాం. ఆ పిల్ల గుమ్మంలో ఉంది, ఎడమ చంకలో తమ్ముడు. కుడిచేత్తో కుళాయి తిప్పింది, ఆ చేత్తోనే బిందె జరిపింది, ఆ చేత్తోనే మొహం మీద పడ్డ జుట్టు తోసుకుంది. ఒకసారి కూడా తమ్ముణ్ణి దింపలేదు.

"ఆ పిల్లకి రెండో చెయ్యి ఖాళీ లేదు, చూశావా?" అన్నారు మేడమ్. "మన సర్వేలో ఏ ప్రశ్నకి జవాబుగా ఇది వచ్చేది?"

దేనికీ రాదు. మా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో నాయనమ్మ ఉంది కాబట్టి నా చెయ్యి ఖాళీ అయింది. ఆ చేత్తోనే పలక పట్టుకున్నాను. నా చదువు అంతటి సన్నని దారం మీద నిలిచిందని నాకు ఆ గుమ్మం ముందే మొదటిసారి అర్థమైంది.

నివేదిక రాసేటప్పుడు మళ్ళీ గొడవ. కేంద్రంలో పిల్లలు తింటున్నారు, మేం కళ్ళారా చూశాం. మానకుండా వచ్చే పిల్లల్లో ఎక్కువమంది బరువు పెరిగారు. కోఆర్డినేటర్ సార్ సంబరపడి, "ఇది చాలు మేడమ్. తలుపు తీసే టైం సంగతి తర్వాత మనలో మనం సర్దుకుందాం. ఇన్నాళ్ళూ మనకే ఆ సంగతి తెలీదంటే దాతలు ఏమనుకుంటారు? ఉన్నదీ ఆపేస్తారు," అన్నారు. ఆయన భయం నాకూ ఉంది. ఆపేస్తే ఆ పిల్లకే కాదు, ఇప్పుడొస్తున్న పిల్లలందరికీ ఆసరా పోతుంది.

మేడమ్ గొంతు పెంచలేదు. "మంచి తూకాన్ని వాళ్ళు నమ్మాలంటే చెడ్డ సంగతి కూడా అదే చేత్తో రాసి ఉండాలి సార్," అన్నారు. తర్వాత ఇంకో పిడుగు వేశారు. "దాతల ముందు మాట్లాడేది నేను కాదు. ఈ అమ్మాయి."

"నా ఇంగ్లీషు..." అన్నాను.

"తెలుగులో చెప్పు. వాళ్ళూ ఈ ఊరివాళ్ళేగా."

ఆ మధ్యే ఒక సంగతి జరిగింది. మా అమ్మ సీతమ్మధార వీధుల్లోనే చేపలు అమ్మేది. మేడమ్ ఇంటి గేటు నీడన బుట్ట దింపుకుని నీళ్ళు అడిగి తాగేది. ఒకరోజు మేడమ్ అమ్మతో, "మీ అమ్మాయి చాలా తెలివైనదమ్మా," అన్నారు, నేను పక్కనుండగానే.

మా అమ్మ చెంబు దించి, "ఏటి తెలివి మేడం, ఉల్లిపాయ తరగడం రాదు దీనికి," అంది.

మేడమ్ నా వైపు చూశారు. కళ్ళతోనే నవ్వారు.

దాతల మీటింగులో మేడమ్ వెనక వరసలో కూర్చున్నారు. నేను అంతా చెప్పాను, తలుపు తీసే టైం సంగతి కూడా. ఒకాయన, "తల్లులు తినడం లేదంటున్నారు, మీరు తింటున్నారంటున్నారు. ఎవర్ని నమ్మాలమ్మా?" అని అడిగారు. అడిగింది నన్నే అయినా చూసింది మేడమ్ వైపు. మేడమ్ చేత్తో నా వైపు చూపించారు. దిష్టి సంగతి చెప్పాను, తెర సంగతి చెప్పాను. దాతల వరసలోనే ఉన్న ఒక పెద్దావిడ ఫక్కున నవ్వి, "మా మనవడి గురించి నన్నడిగినా అదే చెబుతాను. వాడు తినేది బయటికి చెబుతామా ఎక్కడైనా?" అంది. తర్వాత ఆవిడే, తమ్ముడి కోసం బడి మానేసిన ఆ పెద్దపిల్ల గురించి మరో రెండు ప్రశ్నలు వేసింది. తెల్లారకముందే తలుపు తీసేలా కొన్నాళ్ళు నడిపి చూడమని, అందుకు ఇంకో ఆయాని పెట్టుకోమని నిర్ణయం అయింది. ఆ కొన్నాళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి.

బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే, మేడమ్ ఏమంటారా అని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆవిడ సీసా తీసి నీళ్ళు తాగి, అచ్చం మా అమ్మలాగా పెదవి విరిచారు.

"ఏటి చెప్పావ్? ఏమీ బాగాలేదు."

నా జీవితంలో అంతకు మించిన మెప్పు లేదు. ఇప్పుడు నేను అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ అమ్మాయిల హాస్టళ్ళలో ఇదే పని చేస్తున్నాను. నేను పంపిన నివేదికలు చదివి ఆవిడ ఫోన్ చేసేవారు. నిజంగా తప్పులుంటే గంటసేపు చెప్పేవారు. లేకపోతే, "ఏమీ బాగాలేదే," అని పెట్టేసేవారు. ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూ పనిచేసిన రోజులు నాకున్నాయి.

మంగళవారం మధ్యాహ్నం సీతమ్మధార ఇంటి ముందుకి మా పేట ఆడవాళ్ళు వచ్చారు. బేరం మధ్యలో వదిలేసి వచ్చారు, బుట్టలతోనే. నీచు వాసన అని గేటు బయటే నిలబడ్డారు. మేడమ్ చెల్లెలు వచ్చి, "అక్క చూస్తే నన్ను తిడుతుంది, లోపలికి రండమ్మా," అని చేతులు పట్టుకుని తీసుకెళ్ళారు. హార్బరులో పందెం ఓడినామె ఉంది. జ్వరం వచ్చిన పిల్లాడి తల్లి ఉంది. మా అమ్మ ఉంది.

మా అమ్మ మేడమ్ కాళ్ళ దగ్గర కూర్చుంది. దండం పెట్టి, తల ఎత్తి, ఇంట్లో ఉన్న అందరూ వినేలా గట్టిగా అంది. "ఇప్పుడు అనొచ్చులే. ఇంక దిట్టి తగల్దు. శానా మంచిది. ఇలాటి మడిసిని నాను సూళ్ళేదు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మీకు ఇదంతా రాస్తున్నదీ అందుకే. ఆవిడ ఉండగా అనలేకపోయిన మాటలు ఇప్పుడు పైకి చదవొచ్చు.

మర్నాడు చీకటితోనే కేంద్రానికి వెళ్ళాను. లైటు వెలుగుతోంది. లోపలి గది తలుపుకి మేడమ్ పాత చీర అలాగే వేలాడుతోంది. ఆయా గుమ్మంలో నిలబడి నిద్రపోతున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ భుజం మీదికి అందుకుంటోంది. ఆ పెద్దపిల్ల తమ్ముణ్ణి తెచ్చి ఆయా చేతుల్లో పెట్టింది. "రాత్రి తిన్నాడేటే?" అంది ఆయా. "ఏటి తింతాడు," అంది పిల్ల, పెద్ద ఆరిందాలా. అని ఇంటివైపు తిరిగింది. బడికి ఇంకా చాలా టైముంది. వీధి చివర దీపం దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. రెండు చేతులూ ఊపుకుంటూ వెళ్ళింది.